కొత్త మడత చాకు: కొనడం, బిగువు కుదుర్చుకోవడం, గోదావరి తేమలో కాపాడుకోవడం

కొత్త మడత చాకు పెట్టెలోంచి తీయగానే సాధారణంగా రెండింటిలో ఒకటి కనిపిస్తుంది. గోరు విరిగేంత బిగువుగా ఉండి తెరుచుకోదు, లేకపోతే తెరిచాక బ్లేడు అటూ ఇటూ ఆడుతుంది. బిగువుగా ఉంటే "కొత్తది కదా, వాడగా వాడగా అదే వదులవుతుందిలే" అని వదిలేస్తారు, ఆడుతుంటే స్క్రూడ్రైవర్ తీసుకుని బలంకొద్దీ తిప్పేస్తారు. రెండూ తప్పే. ఫ్యాక్టరీలో పెట్టిన బిగువు ఎవరి చేతికీ ప్రత్యేకంగా పెట్టింది కాదు. మీ బొటనవేలి బలానికి, మీరు చేసే పనికి, ముఖ్యంగా ఏడాదిలో చాలా నెలలు తేమతో నిండి ఉండే మన డెల్టా గాలికి తగ్గట్టు దాన్ని మార్చుకోవాల్సింది మీరే. ఓపిక ఉంటే ఒక సాయంత్రంలో అయిపోయే పని. కాకపోతే వరస తప్పకుండా చేయాలి, స్క్రూని అర్ధచుట్టు పావుచుట్టు కూడా కాదు, అంతకంటే తక్కువ తక్కువగా తిప్పుతూ చేయాలి.

కొనేముందు ఏం చూడాలి

ముందు పని చూసుకోండి. మన దగ్గర జేబులో చాకు పెట్టుకునే మనిషికి రోజూ తగిలే పనులు ఇవీ: కొబ్బరి తాడు కోయడం, అరటి గెలకు కట్టిన పురికొస తెంపడం, చెరువు గట్టు మీద రొయ్యల మేత బస్తా కుట్టు విప్పడం, చిక్కుపడ్డ వల దారం కోసెయ్యడం, పార్సిల్ టేపు చీల్చడం, జామకాయో మామిడికాయో ముక్కలు చేసుకోవడం. వీటన్నిటికీ 7 నుంచి 8.5 సెంటీమీటర్ల బ్లేడు సరిపోతుంది. బోండాం కొట్టడానికీ మట్ట నరకడానికీ కత్తి వేరే ఉంది, ఆ పని మడత చాకుతో చేయకండి, ఒకటి రెండు దెబ్బలకే ఇరుసు (బ్లేడు తిరిగే కీలు) దగ్గర పట్టు పోతుంది, ఆ తరవాత ఎంత బిగించినా అది మునుపటిలా కుదురుగా ఉండదు.

కడియం, కడియపులంక వైపు నర్సరీల్లో అంట్లు కట్టేవాళ్ళ లెక్క వేరు. వాళ్ళకి కావాల్సింది తిన్నటి అంచు, చాలా రకాల్లో ఒక పక్కనే పదును పెట్టిన బ్లేడు, అస్సలు ఆడకూడని ఇరుసు. కొమ్మని ఏటవాలుగా ఒకే లాగుడుకి కోయాలి, కోసిన ముఖం నున్నగా ఉంటేనే రెండు కొమ్మలూ అతుక్కుంటాయి, బ్లేడు పక్కకి వెంట్రుకవాసి కదిలినా ఆ ముఖం గరుకవుతుంది. అంటు కట్టడానికి కొనేవాళ్ళు ఈ కింద చెప్పే బిగువు పని మిగతావాళ్ళకంటే శ్రద్ధగా చేసుకోవాలి.

తరవాత లాక్, అంటే తెరిచిన బ్లేడు వేళ్ళ మీదికి మూసుకోకుండా ఆపేది. లాక్ లేని చాకులు కొన్ని ఉంటాయి, లోపల వీపు స్ప్రింగు ఒత్తిడితోనే బ్లేడు నిలుస్తుంది, పాతకాలపు చాకులూ విక్టోరినాక్స్ చిన్న చాకులూ చాలావరకు ఇవే, వీటిని స్లిప్‌జాయింట్ అంటారు. లైనర్ లాక్‌లో పిడి లోపలి రేకు ఒకటి పక్కకి వచ్చి బ్లేడు మొదలు వెనక అడ్డం నిలబడుతుంది. ఫ్రేమ్ లాక్ కూడా అదే పద్ధతి, లోపలి రేకుకి బదులు పిడి లోహమే ఆ పని చేస్తుంది. బ్యాక్ లాక్‌కి వీపు మీద నొక్కే మీట ఉంటుంది. ఇవి కాక రింగు తిప్పి బిగించే ఫ్రెంచి పద్ధతి ఉంది, ఓపినెల్ చాకు చూసినవాళ్ళకి తెలుసు. జోసెఫ్ ఓపినెల్ 1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ ప్రాంతంలో మొదలుపెట్టిన చాకు అది, రింగు లాక్ మాత్రం 1955లో చేర్చారు. తడి చేతులతో, గట్టు మీద వంగి పనిచేసేవాళ్ళు లాక్ ఉన్నదే తీసుకోండి. పండు కోసుకోవడానికీ ఉత్తరం చించడానికీ అయితే లాక్ లేకపోయినా ఫరవాలేదు.

ఇక బిగువు మార్చుకోవాలనుకునేవాళ్ళు తప్పకుండా చూడాల్సింది, ఇరుసు దగ్గర ఉన్నది స్క్రూనా, రివెట్టా (కొసలు సుత్తితో కొట్టి బిగించేసిన మేకు) అని. స్క్రూ అయితే ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. రివెట్టు అయితే వదులు చేయడం నూనెతో, వాడకంతో జరగాలి, బిగించడం సుత్తితో జరగాలి, అంటే తప్పుకి చోటు తక్కువ. మొదటిసారి కొనేవాళ్ళకి నేను స్క్రూ ఉన్నదే చెప్తాను.

ఉక్కు విషయంలో మన ప్రాంతానికి ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే చాలు. అంతర్వేది, ఓడలరేవు, యానాం వైపు ఉప్పుగాలి తగిలే ఊళ్ళలో, ఉప్పునీటి రొయ్యల చెరువుల దగ్గర పనిచేసేవాళ్ళు స్టెయిన్‌లెస్ బ్లేడే తీసుకోవాలి. కార్బన్ స్టీలుకి పదును తొందరగా వస్తుంది, సానరాయి మీద హాయిగా లొంగుతుంది, నాకు అదే ఇష్టం, కానీ తుడవకుండా ఒక రాత్రి వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రమచ్చ కనిపిస్తుంది. డి2 అని రాసి ఉన్న చాకులు ఆన్‌లైన్‌లో బాగా దొరుకుతాయి, అందులో క్రోమియం సుమారు 12 శాతం, పదును బాగా నిలుస్తుంది గానీ పూర్తి స్టెయిన్‌లెస్ కాదు, దాన్ని కూడా తుడిచే పెట్టుకోవాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్తాను. బ్లేడు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధాల నిబంధనల కిందికి వస్తుంది, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి మినహాయింపు. జేబు చాకు ఆ కొలతకి చాలా కిందే ఉంటుంది. అయినా బటన్ నొక్కగానే స్ప్రింగుతో ఎగిరి తెరుచుకునే రకం జోలికి పోకండి, పనికి దాని అవసరం లేదు, జాతరలోనో సభలోనో తనిఖీ జరిగితే సమాధానం చెప్పుకోవాలి. మధురపూడి ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే చాకుని లగేజీలో వేసేయండి, చేతి సంచిలో ఉంటే లోపలికి పోనివ్వరు.

మొదటి రోజు: స్క్రూ ముట్టుకోకముందు

చాలామంది దాటేసే భాగం ఇదే. బిగువుగా ఉందని తిప్పడం మొదలుపెడతారు, తీరా చూస్తే లోపల ఉన్నది ఫ్యాక్టరీ జిడ్డు, లేకపోతే అరగదీసినప్పటి ఇనుప పొడి. అందుకని ముందు శుభ్రం చేయండి.

గోరువెచ్చటి నీళ్ళలో ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, చాకుని అందులో పెట్టి మెల్లగా తెరిచి మూస్తూ ఉండండి. నీళ్ళు నల్లబడితే మార్చండి. చెక్క పిడి ఉన్నదాన్ని మాత్రం నీళ్ళలో ముంచకూడదు, దానికి మెడికల్ షాపులో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో ఇయర్ బడ్ ముంచి ఇరుసు చుట్టూ తుడిస్తే చాలు. తరవాత బాగా ఆరబెట్టాలి, ఫ్యాను కింద ఒక గంట తెరిచి పెట్టండి. ఆరాక ఇరుసుకి రెండు పక్కలా ఒక్కో చుక్క కుట్టుమిషన్ ఆయిల్ వేసి, ఒక యాభై సార్లు తెరిచి మూయండి. కొత్త చాకుల బిగువులో సగం ఇక్కడే పోతుంది.

కొబ్బరినూనె వేయకండి. మన ఇళ్ళలో చేతికి ముందు దొరికేది అదే కాబట్టి గట్టిగా చెప్తున్నాను. పుష్యమాసం చలికి సీసాలో గడ్డకట్టే నూనె ఇరుసులో కూడా గడ్డకడుతుంది, పాతబడితే జిగురై దుమ్ము పట్టుకుంటుంది. డబ్బాలో వచ్చే స్ప్రే ఆయిల్ తుప్పు వదిలించడానికి పనికొస్తుంది గానీ తొందరగా ఆరిపోతుంది, ఇరుసులో నూనె పని చేయదు.

ఇప్పుడు నాలుగు పరీక్షలు. మంచి వెలుతురులో, తొందర లేనప్పుడు చేయండి.

మొదట చాకు మూసి, పిడి నోరు పైకి పెట్టి చూడండి. బ్లేడు మొన రెండు రేకుల మధ్య నడిమిలో ఉందా, ఒక పక్కకి వాలిందా? కొంచెం వాలినా ఫరవాలేదు. రేకుని రాసుకుంటూ మూసుకుంటుంటే మాత్రం సరిచేయాలి, ఎందుకంటే మూసిన ప్రతిసారీ అంచు పదును అక్కడ దెబ్బతింటుంది.

రెండోది పక్క ఆట. చాకు పూర్తిగా తెరిచి, పిడి ఒక చేత్తో పట్టుకుని, బ్లేడు వీపుని రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ మధ్య పట్టి కుడికీ ఎడమకీ మెల్లగా కదపండి. ఇరుసు దగ్గర టిక్‌టిక్ మని తెలిస్తే అది వదులు.

మూడోది పైకీ కిందికీ ఆట. బ్లేడు వీపు పట్టుకుని మూసే వైపుకీ తెరిచే వైపుకీ కొద్దిగా ఒత్తండి. ఇక్కడ కదలిక తెలిస్తే అది ఇరుసు బిగువు లోపం కాదు, లాక్ సరిగ్గా కూర్చోకపోవడం. కొత్త చాకులో ఇది ఉంటే స్క్రూ ముట్టుకోకండి, అదే రోజు వాపసు పెట్టేయండి.

నాలుగోది లాక్. లైనర్ లాక్‌లో ఆ రేకు బ్లేడు మొదలు వెడల్పులో ఎంతవరకు వచ్చి నిలబడిందో చూడండి. పావువంతు నుంచి సగం వరకు వస్తే బాగుంది. అంచు మీద వెంట్రుకంత ఆనితే నమ్మకూడదు. కొత్తదే ఆ చివరి రేకుదాకా వెళ్ళిపోయి ఉంటే, ముందు ముందు అరిగేందుకు చోటు మిగల్లేదని అర్థం. ఆ తరవాత బ్లేడు వీపుని ఒక చెక్క మీద ఆనించి మూసే వైపుకి నిదానంగా నొక్కండి, సుత్తితో కొట్టినట్టు కొట్టొద్దు. నొక్కేటప్పుడు మీ వేళ్ళు బ్లేడు మూసుకునే దారిలో ఉండకూడదు, పిడిని రెండు పక్కల నుంచీ పట్టుకోండి. లాక్ జారిందంటే ఆ చాకు పనికిరాదు. ఎంత తక్కువకి వచ్చినా, ఎవరు బహుమతిగా ఇచ్చినా సరే.

స్క్రూ ఇరుసు ఉన్న చాకుకి బిగువు పెట్టడం

కావాల్సిన సామాను తక్కువే. నక్షత్రం ఆకారం తల ఉన్న టార్క్స్ బిట్లు, టీ6, టీ8, టీ10 ఉంటే దాదాపు అన్ని చాకులకీ సరిపోతాయి. సాధారణంగా పిడి స్క్రూలకి టీ6, ఇరుసుకి టీ8 పడుతుంది. సెల్‌ఫోన్ రిపేరు సామాను అమ్మే కొట్లలో సెట్టుగా దొరుకుతాయి, మరీ చవకవి తీసుకోకండి, మెత్తటి బిట్టు ముందు తను అరిగిపోయి తరవాత స్క్రూ తలని గుండ్రం చేసేస్తుంది, అప్పుడు ఏ దారీ ఉండదు. నీలం రంగు థ్రెడ్‌లాకర్ (స్క్రూ వాడకంలో వదులవకుండా మరకి పెట్టే జిగురు) చిన్న సీసా ఒకటి, పళ్ళపుల్ల, మెత్తటి గుడ్డ, స్క్రూ పడిపోతే కనిపించేలా తెల్లటి పళ్ళెం. అంతే.

బ్లేడు అంచుకి రెండు మడతల మాస్కింగ్ టేపు చుట్టండి. స్క్రూ మీద దృష్టి పెట్టినప్పుడు చెయ్యి ఎటు జారుతుందో తెలియదు.

ఇరుసు స్క్రూ ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా చూడండి. రెండు పక్కలా తల ఉండి, ఒక పక్క తిప్పితే రెండోది కూడా వెంట తిరుగుతుంటే రెండు డ్రైవర్లు కావాలి, ఒకదాంతో ఆపి పట్టుకుని రెండోదాన్ని తిప్పాలి. కొన్ని చాకుల్లో లోపలి ఇరుసుకి ఒక పక్క చదునుగా ఉండి పిడిలో తిరగకుండా కూర్చుంటుంది, వాటికి ఒక్క డ్రైవర్ చాలు.

స్క్రూ అస్సలు కదలకపోతే బలం పెట్టకండి, ఫ్యాక్టరీలో జిగురు వేసి ఉంటారు. సోల్డరింగ్ ఐరన్ మొనని స్క్రూ తలకి ఒక అర నిమిషం ఆనించండి, లేదా హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేయండి, జిగురు మెత్తబడి వస్తుంది. పిడి ప్లాస్టిక్ అయితే వేడి స్క్రూ తలకి మాత్రమే తగలాలి.

ఇక తిప్పడం. గడియారం ముల్లుని ఊహించుకోండి, పన్నెండు నుంచి ఒకటిన్నరకి వెళ్తే అది చుట్టులో ఎనిమిదో వంతు. ఒక్కసారికి అంతకంటే ఎక్కువ వద్దు. బిగువుగా ఉంటే ఎనిమిదో వంతు వదులు చేయండి, పది సార్లు తెరిచి మూయండి, పక్క ఆట పరీక్ష మళ్ళీ చేయండి. ఇంకా బిగువనిపిస్తే మరో సగం అంత. ఇలా వెళ్తూ వెళ్తూ ఒకచోట బ్లేడు హాయిగా తిరుగుతుంది, కానీ పక్కకి కదిపితే టిక్కుమంటుంది. అక్కడి నుంచి వెనక్కి, టిక్కు పోయేంత వరకు మాత్రమే బిగించండి. మీ చాకుకి సరైన బిగువు ఆ సన్నటి చోటులోనే ఉంది. కొన్ని చాకుల్లో ఆ చోటు వెడల్పుగా ఉంటుంది, కొన్నిట్లో స్క్రూని తాకితే చాలు దాటిపోతుంది, ఓపిక పట్టడమే.

సరైన బిగువు అందరికీ ఒకటి కాదు. పొడి చేతులతో, ఒక్క చేత్తో తెరిచేవాళ్ళకి కొంచెం తేలికగా ఉండొచ్చు: లాక్ నొక్కి పిడిని మెల్లగా కదిపితే బ్లేడు జారి మూసుకోవాలి. చెరువు దగ్గరో వరి మడిలోనో తడి చేతులతో వాడేవాళ్ళు దాని కంటే కాస్త బిగువుగా పెట్టుకోండి. లాక్ నొక్కినా బ్లేడు దానంతటది పడకూడదు, మీ వేలు తోస్తేనే కదలాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే కూడా ఇదే చెప్తాను. మూసి ఉన్న చాకుని మొన కిందికి పెట్టి ఒకసారి విదిలించి చూడండి, దానంతటది తెరుచుకోకూడదు. స్క్రూ బాగా వదులైతే, లైనర్ లాక్‌లో బ్లేడుని లోపల పట్టి ఉంచే చిన్న గుండు పట్టు కూడా తగ్గుతుంది, జేబులో చాకు తెరుచుకునే ప్రమాదం అక్కడే మొదలవుతుంది.

బ్లేడు ఒక పక్కకి వాలి ఉంటే పద్ధతి ఇది. ఇరుసు స్క్రూతో పాటు పిడి స్క్రూలన్నీ అరచుట్టు చొప్పున వదులు చేయండి, పూర్తిగా ఊడదీయొద్దు. చాకు మూసి, బ్లేడు ఏ పక్క రేకుకి దగ్గరగా ఉందో ఆ సందులో పోస్టుకార్డు మందం కాగితం మడిచి పెట్టండి, బ్లేడు నడిమికి వచ్చేంత. అలా ఉంచి ముందు పిడి స్క్రూలని ఒకదాని తరవాత ఒకటి, ఒకటే బిగించేయకుండా అన్నిటినీ కొంచెం కొంచెం బిగిస్తూ రండి, చివర్లో ఇరుసు. కాగితం తీసి చూడండి. చాలాసార్లు ఇంతటితో కుదురుతుంది. కుదరకపోతే లోపలి రేకు వంగి ఉండొచ్చు, లేదా ఇరుసు దగ్గర బ్లేడుకి రెండు పక్కలా ఉండే వాషర్లు ఒకటి మందం ఒకటి పల్చన అయి ఉండొచ్చు. రాసుకోనంత వరకు దాన్ని అలాగే వాడుకోండి. వాషర్ల కోసం పూర్తిగా విప్పితే చాలా కంపెనీలు వారంటీ ఇవ్వవు, లోపల ఉండే ఇత్తడి రేకులూ గుండ్లూ ఎగిరిపోతే వెతకడం కూడా కష్టం.

లాక్ మూసేటప్పుడు అంటుకుపోయి బలం పెడితే గానీ రాకపోవడం కొత్త లైనర్ లాక్‌లలో తరచూ ఉంటుంది. నూనె వేయకండి, లాక్ ముఖం మీద నూనె ఉంటే జారుతుంది. 2బి పెన్సిల్‌తో లాక్ ఆనే చోట గట్టిగా గీయండి, కొన్నాళ్ళు అలా గీస్తూ వాడితే రెండు ముఖాలూ ఒకదానికొకటి సర్దుకుంటాయి.

బిగువు కుదిరింది అనుకున్నాక ఒక వారం అలాగే వాడండి. వాడకంలో స్క్రూ మెల్లగా వదులవుతుంటే అప్పుడు థ్రెడ్‌లాకర్. స్క్రూ తీసి మర మీద ఉన్న నూనెని స్పిరిట్‌తో తుడిచి, పళ్ళపుల్ల మొనతో ఒక్క చిన్న చుక్క మర చివర పెట్టి, కుదుర్చుకున్న చోటికి బిగించి, ఒక రోజంతా కదపకుండా ఉంచండి. ఎక్కువైతే లోపలికి కారి వాషర్లని పట్టేస్తుంది. నీలం రంగుదే వాడాలి, ఎరుపుది మళ్ళీ విప్పాలంటే చాలా వేడి కావాలి. థ్రెడ్‌లాకర్ దొరకకపోతే ఇంట్లో గోళ్ళరంగు చుక్క వేసినా ఆ పని చాలావరకు చేస్తుంది. ఫెవిక్విక్ మాత్రం వద్దు.

రివెట్టు ఉన్న చాకులు

బిగువుగా ఉంటే తొందరేమీ లేదు. నూనె చుక్క, సగం తెరవడం, మూయడం, తుడవడం, మళ్ళీ నూనె. వీపు స్ప్రింగు బలంగా ఉన్నవాటికి గోరు పెట్టే గాడి దగ్గర జారకుండా రబ్బరు ముక్కతో పట్టుకోండి. విక్టోరినాక్స్ లాంటివాటికి గోరువెచ్చటి నీళ్ళలో తెరిచి మూసి, ఆరాక ఒక చుక్క నూనె వేస్తే సరిపోతుంది, కంపెనీ చెప్పేది కూడా అదే. వాటి ప్లాస్టిక్ తొడుగు ఊడదీసి రివెట్టు మీద కొట్టాలని చూడకండి.

వదులైన మామూలు ఇత్తడి రివెట్టు చాకుని బిగించాలంటే దాగలి కావాలి. రివెట్టు ఒక తల దాగలి మీద ఆనాలి, రెండో తల మీద గుండు సుత్తితో చిన్న చిన్న దెబ్బలు, నడిమిన కాదు, అంచుల వెంట గుండ్రంగా. రెండు మూడు దెబ్బలకొకసారి ఆపి బ్లేడు తిప్పి చూడాలి. రేకుకీ బ్లేడుకీ మధ్య సన్నటి ఇత్తడి రేకు ముక్క ఒకటి దూర్చి కొడితే, తరవాత ఆ ముక్క లాగేస్తే, బ్లేడు తిరగడానికి కావాల్సిన సందు మిగులుతుంది. చేతికి అలవాటు లేనివాళ్ళు కమ్మరి దగ్గరికి తీసుకెళ్ళండి. కొడవళ్ళకి పిడి బిగించే మనిషికి ఇది రెండు నిమిషాల పని, ఇత్తడి రేకు సంగతి మాత్రం మీరే చెప్పాలి.

చెక్క పిడి, వానాకాలం

మన ప్రాంతంలో ఓపినెల్ రకం చాకు కొన్నవాళ్ళకి జూలై వచ్చేసరికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటే. బీచ్ చెక్క తేమ పీల్చి ఉబ్బి బ్లేడుని పట్టేస్తుంది, వానల్లో ఇంటి తలుపు చౌకట్లో బిగుసుకున్నట్టు. ఎండాకాలంలో కొన్నప్పుడు వెన్నలా తెరుచుకున్న చాకే అది. చాకులో లోపం లేదు, చెక్క పద్ధతే అంత.

అలా పట్టేసినప్పుడు కటింగ్ ప్లేయరు పెట్టి లాగకండి. రింగు తెరిచి ఉంచి, పిడి వెనక చివర పైఅంచుని చెక్క బల్ల మీద ఒక్కసారి టక్కున కొడితే బ్లేడు కొంచెం బయటికి వస్తుంది, అప్పుడు వేళ్ళతో వీపు పట్టి తీయండి. సవోయ్ వాళ్ళు తరతరాలుగా చేసే కిటుకు అదే. తెరిచాక నీడలో, ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు ఉంచండి. పొయ్యి దగ్గరా ఎర్రటి ఎండలోనూ పెట్టకూడదు, చెక్క పగులుతుంది.

బాగా ఆరాక కూడా బిగువుగానే ఉంటే గాడి లోపల కొంచెం చెక్క తీయాలి. 240 నంబరు గరుకు కాగితాన్ని పాత ఏటీఎం కార్డుకి చుట్టి, ఇరుసు దగ్గర గాడి రెండు గోడలనీ సమానంగా రుద్దండి. నాలుగు రుద్దులకొకసారి మూసి తెరిచి చూస్తూ ఉండండి, ఎండాకాలంలో చెక్క మళ్ళీ కుంచించుకుంటుంది, ఇప్పుడు ఎక్కువ తీసేస్తే ఏప్రిల్‌లో చాకు ఆడుతుంది. తరవాత గాడి లోపల, పిడి చివర, ఇరుసు చుట్టూ చెక్కకి అవిసె నూనె పల్చగా పట్టించి, పది నిమిషాలాగి మిగిలింది తుడిచేసి, ఒక రోజు ఆరనిచ్చి, మళ్ళీ పట్టించండి. మూడు నాలుగు పూతలు పడితే తేమ చొరబడటం బాగా తగ్గుతుంది. అవిసె నూనె తుడిచిన గుడ్డని ఉండ చేసి మూల పడేయకండి, ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, దానంతటదే అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి దండెం మీద ఆరేసి, పూర్తిగా ఆరాకే పారేయండి.

రింగు వదులై దానంతటది తిరుగుతుంటే, దాన్ని సర్‌క్లిప్ ప్లేయరుతో విప్పదీసి, రెండు చివరలూ కొంచెం దగ్గరికి నొక్కి మళ్ళీ ఎక్కించండి.

చేతికీ జేబుకీ కుదరడం

పిడిని గట్టిగా పట్టుకుని ఒక అట్టపెట్టెని అయిదు నిమిషాలు ముక్కలు కోయండి. అరచేతిలో ఎక్కడ ఎర్రబడిందో చూడండి, అక్కడ పిడికి కోసు అంచు ఉంది. 400 నంబరు కాగితంతో, తరవాత 600తో ఆ అంచుని గుండ్రంగా రుద్దండి. చెక్కా ప్లాస్టిక్కూ సులువు, స్టీలు రేకుకి కొంచెం సమయం పడుతుంది.

క్లిప్పు మరీ బిగువుగా ఉండి ప్యాంటు జేబు చింపుతుంటే, దాన్ని ఊడదీసి చేత్తో కొద్దిగా పైకి వంచండి, చాకు మీద ఉండగా వంచితే పిడి స్క్రూ మరలు దెబ్బతింటాయి. వదులుగా ఉంటే అలాగే కిందికి. ఎడమచేతి వాటం వాళ్ళు రెండో పక్క రంధ్రాలున్న చాకు చూసి కొనుక్కోండి, ఉన్నవాటికి క్లిప్పు మార్చుకోవడం రెండు స్క్రూల పని.

లుంగీ మీద పనిచేసేవాళ్ళు, చొక్కా పైజేబులో చాకు వేసుకునేవాళ్ళు పిడి వెనక రంధ్రానికి నైలాన్ తాడు కట్టి రెండో కొస గుండీకో మొలతాడుకో ముడేసుకోండి. పంటు మీద గోదావరి దాటుతూ, చెరువులోకి వంగి వల సర్దుతూ ఉన్నప్పుడు పైజేబులోంచి జారిన చాకు మళ్ళీ దొరకదు.

పదును, తుడుపు

ఫ్యాక్టరీ పదును బాగుంటే ముట్టుకోకండి. మొద్దుబారాక 1000 నంబరు నీటి సానరాయి మీద, పక్కకి 20 డిగ్రీల కోణంలో రెండు పక్కలా సమానంగా పట్టండి. కోణం కుదురుతోందో లేదో తెలియాలంటే అంచుకి మార్కర్ పెన్నుతో రంగు పూసి రెండు రుద్దులు రుద్దండి, రంగు మొత్తం పోతే సరిగ్గా పడుతున్నట్టు, అంచు చివర మిగిలి దానికి పైన మాత్రమే పోతే చాకు వీపుని కాస్త లేపాలి. అంటు కత్తికి ఒక పక్కనే పదును ఉంటే ఆ పక్కనే సాన పట్టి, చదును పక్కన రాయి మీద బల్లపరుపుగా ఒకటి రెండు రుద్దులు రుద్ది, సాన పట్టినప్పుడు అటు పక్కకి మడత పడ్డ సన్నటి లోహపు పొర తీసేయండి, రెండు పక్కలా కోణం పెడితే కోత వంకర పోతుంది. వీధిలోకి వచ్చే సాన చక్రానికి వంటింటి కత్తి ఇచ్చుకోండి గానీ జేబు చాకు ఇవ్వకండి. పొడి చక్రం మీద పల్చటి అంచు క్షణంలో వేడెక్కుతుంది, అంచు నీలం తిరిగిందంటే అక్కడ ఉక్కు మెత్తబడింది, ఇక పదును నిలవదు.

అరటి పాలు, మామిడి జీడి, నిమ్మరసం తగిలిన బ్లేడుని అప్పుడే తుడవండి. కార్బన్ స్టీలు నల్లబడుతుంది, ఆ నలుపు తుప్పు కాదు, ఇంకా చెప్పాలంటే కొంత కాపాడుతుంది. ఎర్రగా, పొడిపొడిగా ఉన్నదే తుప్పు, దాన్ని నూనె వేసి మెత్తటి స్క్రబ్బరుతో వెంటనే తీసేయాలి. ఉప్పునీళ్ళు తగిలితే ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడిగి, తెరిచే ఆరబెట్టండి. పండ్లు కోసే చాకు బ్లేడుకి మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ పల్చగా రాస్తే చాలు, రుచీ వాసనా ఉండవు. తోలు సంచిలో వానాకాలమంతా పెట్టి ఉంచకండి, తోలు తేమ పట్టి ఉంచుతుంది, సంచి వేరుగా చాకు వేరుగా పెట్టి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి పడేయండి.

వానలు మొదలయ్యే ముందొకసారి, సంక్రాంతి దగ్గరొకసారి ఇరుసు శుభ్రం చేసి, నూనె చుక్క మార్చి, నాలుగు పరీక్షలూ మళ్ళీ చేయండి. పక్క ఆట వచ్చి ఉంటే ఎనిమిదో వంతు లోపలే సరిపోతుంది. పైకీ కిందికీ ఆట వచ్చి ఉంటే ఆ చాకుని లాక్ మీద నమ్మకం పెట్టే పనులకి ఇక వాడకండి, కంపెనీకి పంపండి.